పేమెంట్ కంపెనీ మన బ్యాంకు ఖాతాను ఎందుకు సరిచూస్తుంది? ‘నేమ్ మిస్‌మ్యాచ్’ వస్తే ఏం చేయాలి?

వరంగల్ కొత్తవాడ నుంచి ఒక చెల్లె అడిగిన ప్రశ్న ఇది. ఇంట్లో నేసిన దరీలను ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నారు. బయటి రాష్ట్రాల నుంచి కూడా ఆర్డర్లు వస్తున్నాయని ఒక పేమెంట్ గేట్‌వేలో, అంటే కస్టమర్లు ఆన్‌లైన్‌లో కట్టిన సొమ్మును తీసుకుని వ్యాపారికి చేర్చే కంపెనీలో, చేరారు. ఖాతా నంబరు ఇవ్వగానే ఒక్క రూపాయి జమయింది. ఆ వెంటనే ‘నేమ్ మిస్‌మ్యాచ్’ (పేరు కలవలేదు) అని చూపించి సెటిల్‌మెంట్, అంటే అమ్మకాల డబ్బు ఖాతాలో వేయడం, ఆపేశారు. ఖాతా పెళ్లికి ముందు పుట్టింటి పేరుతో గ్రామీణ బ్యాంకులో తెరిచింది. ఆధార్, పాన్ మాత్రం అత్తింటి పేరుతో ఉన్నాయి. “ఇదే ఖాతాతో ఏళ్లుగా ఫోన్‌పే వాడుతున్నా. ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడెందుకు అడుగుతున్నారు? పాస్‌బుక్కు, పాన్ పంపితే ఏమైనా ప్రమాదమా?” అన్నారు.

చెల్లెమ్మా, ముందు టెన్షన్ తగ్గించే మాట చెబుతాను. హోల్డ్‌లో ఉన్న మీ పైసలు ఎక్కడికీ పోవు. కస్టమర్లు కట్టిన సొమ్మును గేట్‌వే కంపెనీ తన సొంత డబ్బుతో కలిపేసుకోకూడదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఆ సొమ్ము ఒక షెడ్యూల్డ్ వాణిజ్య బ్యాంకులో ఎస్క్రో ఖాతాలో, అంటే ఆ సొమ్ము కోసమే విడిగా ఉంచే ఖాతాలో, ఉండాలి. కంపెనీ కమీషన్ పోను మిగతాది మీకైనా రావాలి, రిఫండ్‌గా కస్టమర్‌కైనా తిరిగి వెళ్లాలి.

నేను చాలా ఏళ్లు బ్యాంకు బ్రాంచీలో, ఆ తర్వాత ఒక పేమెంట్ కంపెనీలో కొత్త వ్యాపారుల కాగితాలు చూసే విభాగంలో పనిచేశాను. మీలాంటి ఫైళ్లు రోజూ వచ్చేవి. అందులో పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లవే ఎక్కువ. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ఫోన్‌పేలో ఎవరూ అడగలేదన్నారు. నిజానికి అక్కడా వెరిఫికేషన్ జరిగింది, మీరు గమనించలేదంతే. యాప్ మొదటిసారి పెట్టుకున్నప్పుడు మీ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ దానంతట అదే వెళ్లింది. ఆ సిమ్ ఆ ఫోన్‌లోనే ఉందని దాంతో తేలింది. మీరు బ్యాంకు పేరు నొక్కగానే, ఆ మొబైల్ నంబరుకు లింకైన ఖాతా ఏదో బ్యాంకే చూపించింది. గమనించండి, ఖాతా నంబరు మీరు టైపు చేయలేదు. తర్వాత డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ ఇచ్చో, ఆధార్ ఓటీపీతోనో యూపీఐ పిన్ పెట్టుకున్నారు. 2016లో యూపీఐ వచ్చినప్పటి నుంచీ పద్ధతి ఇంచుమించు ఇదే: సిమ్, బ్యాంకు రికార్డు, కార్డు (లేదా ఆధార్) ఈ మూడూ ఒకే మనిషి దగ్గరున్నాయని తేలాకే మొదటి రూపాయి కదులుతుంది.

గేట్‌వేలో అలా కాదు. ఖాళీ గడిలో ఖాతా నంబరు, బ్యాంకు బ్రాంచీని గుర్తించే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మీరే టైపు చేశారు. అక్కడ ఎవరైనా ఎవరి నంబరైనా కొట్టొచ్చు. చేతి పొరపాటు కావచ్చు, కావాలని చేసిందీ కావచ్చు. ఆ నంబరు మీదేనని కంపెనీకి అప్పటిదాకా మీ మాట తప్ప వేరే ఆధారం లేదు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. నెఫ్ట్ (ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకు ఖాతాకు డబ్బు పంపే పద్ధతి) చేసేటప్పుడు ఖాతాదారు పేరు కూడా రాస్తాం కదా. పేరు తప్పైతే బ్యాంకు ఆపేస్తుందని అనుకుంటాం. ఆపదు. డబ్బు ఖాతా నంబరును బట్టే జమవుతుంది. సరైన నంబరు ఇచ్చే బాధ్యత పంపేవాళ్లదేనని రిజర్వు బ్యాంకు 2010లోనే స్పష్టంగా చెప్పింది. నేను బ్రాంచీలో ఉన్నప్పుడు ఎనుమాముల మార్కెట్ అడ్తిదారు ఒకరు మిర్చి పైసలు పంపుతూ, నోటుబుక్కులో పక్క లైన్లో ఉన్న ఇంకో రైతు ఖాతా నంబరు వేశారు. పేరు సరిగ్గానే రాశారు, నంబరే తప్పు. సొమ్ము ఆ నంబరుకే పోయింది. ఆ రెండో రైతు ఒప్పుకుంటే తప్ప అతని ఖాతాలోంచి మేం వెనక్కి తీయలేం. ఆయన మంచి మనిషి, సంతకం పెట్టాడు కాబట్టి సరిపోయింది. అసలు రైతు మాత్రం అప్పటిదాకా మార్కెట్‌కూ బ్యాంకుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. విత్తనాలకు చేసిన అప్పు కట్టాల్సిన సమయం అది.

ఈ లోటు పూడ్చడానికే, నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ (పెద్ద మొత్తాలు పంపే పద్ధతి) చేసేవాళ్లకు డబ్బు పంపకముందే అవతలి ఖాతాదారు పేరు కనిపించే సదుపాయం పెట్టాలని 2024 డిసెంబరు చివర్లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. బ్యాంకులకు 2025 ఏప్రిల్ 1 దాకా గడువిచ్చింది. ఈ సదుపాయం మీ పనికీ వస్తుంది, ఎలాగో చివర్లో చెబుతాను.

ఇక మీకు వచ్చిన ఆ ఒక్క రూపాయి సంగతి. దాన్ని పెన్నీ డ్రాప్ అంటారు. కంపెనీ మీరిచ్చిన నంబరుకు ఐఎంపీఎస్‌లో (డబ్బు వెంటనే జమయ్యే పద్ధతి) ఒక రూపాయి పంపుతుంది. అది జమైతే ఆ ఖాతా ఉందని, పనిచేస్తోందని తేలుతుంది. అంతకంటే ముఖ్యమైంది, జమైనట్టు మీ బ్యాంకు నుంచి తిరిగొచ్చే జవాబులో ఖాతాదారు పేరు ఉంటుంది. బ్యాంకు కంప్యూటర్లో ఎలా ఎక్కిందో అలాగే, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా. కంపెనీ సిస్టమ్ ఆ పేరును మీ పాన్‌లోని పేరు పక్కన పెట్టి ఎంతవరకు కలిసిందో మార్కులు వేస్తుంది. కంపెనీ పెట్టుకున్న హద్దు దాటితే పాస్. కొంచెం తగ్గితే ఒక మనిషి కళ్లతో చూస్తాడు. బాగా తగ్గితే మీకు వచ్చిన ఆ ఎర్ర అక్షరాలు.

ఆ తెరను నేను రోజంతా చూసేవాణ్ని. ఎడమవైపు పాన్ పేరు, కుడివైపు బ్యాంకు పేరు. ఉదాహరణ కోసం ఒక పేరు అనుకుందాం. పాన్‌లో ‘సుజాత గాజుల’ అని ఉంటుంది. బ్యాంకులో ‘జి సుజాత’. సిస్టమ్‌కు అనుమానం, మనిషి చూస్తే పాస్ చేస్తాడు. అదే బ్యాంకులో ‘వేముల సుజాత’ అని ఉంటే మనిషి కూడా పాస్ చేయలేడు. సుజాత అనే పేరు ఈ జిల్లాలో ఎంతమందికి ఉంటుందో మీకే తెలుసు. ఇద్దరూ ఒక్కరే అని చెప్పే కాగితం కావాలి. మీది ఈ రెండో రకం.

మన పేర్లకు ఈ తిప్పలు కొంచెం ఎక్కువే. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక. ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా. లక్ష్మి స్పెల్లింగు ఆధార్‌లో ఒకటి, పదో తరగతి మెమోలో ఒకటి. 2014లో జన్‌ధన్ మొదలైనప్పుడు క్యాంపులు పెట్టి తెరిచిన ఖాతాల్లో ఆపరేటర్ విన్నది విన్నట్టు కొట్టిన పేర్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. కొన్నిచోట్ల భర్త పేరు కూడా ఖాతాదారు పేరు గడిలోనే చేరిపోయి ఉంటుంది. జాయింట్ ఖాతా అయితే జవాబులో సాధారణంగా మొదటి ఖాతాదారు పేరే వస్తుంది. భర్త పేరు మొదట ఉన్న జాయింట్ ఖాతా ఇచ్చి, భార్య పాన్ పెడితే ఎన్నిసార్లు ప్రయత్నించినా ఫెయిలే. ఇంకో పొరపాటు నేను చాలా చూశాను. ఖాతాదారు పేరు అడిగినచోట ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్న షాపు పేరు రాస్తారు. ఆ పేరుతో బ్యాంకులో ఖాతానే ఉండదు.

కంపెనీల మీద నాకు ఒక కోపం ఉంది, అది కూడా చెప్పేస్తాను. వెరిఫికేషన్ చేయడం న్యాయమే. కానీ ‘నేమ్ మిస్‌మ్యాచ్’ అని రెండు ముక్కలు చూపించి వదిలేయడం న్యాయం కాదు. ఏ కాగితంలోని పేరు ఏ కాగితంతో కలవలేదో చెబితే, సగం మంది ఆ రోజే బ్యాంకుకు వెళ్లి సరిచేసుకుంటారు. చెప్పకపోవడం వల్లే మోసమేమోనని భయపడి వదిలేస్తున్నారు, లేదా తెలిసినవాళ్ల ఖాతా పెట్టేస్తున్నారు. ఆ రెండోది మరీ ప్రమాదం.

ఎందుకు ప్రమాదమో చెప్పాలంటే ఈ నిబంధనలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పాలి. 2002 నాటి మనీలాండరింగ్ నిరోధక చట్టం, దాని కింద రిజర్వు బ్యాంకు 2016లో ఇచ్చిన కేవైసీ (ఖాతాదారు ఎవరో సరిచూసుకునే) ఆదేశాలు వీటికి మూలం. సొమ్ము ఎవరికి చేరుతోందో తెలియకుండా చేర్చకూడదన్నది వాటి సారం. గేట్‌వే కంపెనీలు కూడా తమ దగ్గర చేరే ప్రతి వ్యాపారి వివరాలూ సరిచూసుకోవాలి. దీని అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది. సైబర్ మోసగాళ్లు దోచిన డబ్బును తమ ఖాతాలో వేసుకోరు. వేరేవాళ్ల ఖాతాలు అద్దెకు తీసుకుంటారు. నెలకు ఇన్ని వేలు ఇస్తాం, పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ ఇచ్చెయ్ అంటారు. హనుమకొండ లాంటి చదువుల ఊళ్లో హాస్టల్ ఖర్చులకు ఇబ్బంది పడే పిల్లలకు ఈ మాట తీపిగానే ఉంటుంది. ఇలాంటి వాటిని మ్యూల్ ఖాతాలంటారు. వీటిని పట్టుకోవడానికి రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థ మ్యూల్‌హంటర్ అనే కంప్యూటర్ వ్యవస్థనే తయారుచేసింది. ఆ ఖాతా గుండా ఎక్కడో మోసపోయిన మనిషి డబ్బు నడిస్తే, వేరే రాష్ట్రం పోలీసుల నోటీసు వచ్చేది ఖాతా ఎవరి పేరు మీద ఉందో వాళ్లకే. ఖాతా ఫ్రీజ్ అయిందంటే జీతం, పింఛను, గ్యాస్ సబ్సిడీ అన్నీ అందులోనే ఇరుక్కుంటాయి.

అందుకే మరిది ఖాతా పెడదాం, పక్కింటి అన్న ఖాతా పెడదాం అనే ఆలోచన చేయకండి. వ్యాపారం మీ పాన్ మీద నడుస్తూ డబ్బు ఇంకొకరి ఖాతాకు వెళ్తుంటే, అచ్చం మ్యూల్ ఖాతా ఎలా కనిపిస్తుందో అలాగే కనిపిస్తుంది. పైగా ఆ డబ్బు వాళ్ల ఆదాయంగా లెక్కలోకి రావచ్చు.

ఇక కాగితాలు ఇవ్వడం సేఫేనా అన్న ప్రశ్న. ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ ఈ రెండూ తెలిసినంత మాత్రాన ఎవరూ మీ డబ్బు తీయలేరు, వేయగలరు అంతే. తీయాలంటే మీ పిన్, మీ ఓటీపీ, మీ సంతకం, మీ వేలిముద్ర, లేదా మీరు ఒప్పుకున్న మ్యాండేట్ (మీ ఖాతాలోంచి డబ్బు తీసుకోవడానికి ముందే ఇచ్చే అనుమతి) కావాలి. కాబట్టి వెరిఫికేషన్ పేరుతో ఆటోపే, ఈ-మ్యాండేట్ అనే పేజీ వస్తే అక్కడ ఆగండి. అమ్మకాల డబ్బు మీకు రావడానికి మ్యాండేట్‌తో పనిలేదు. కొన్ని కంపెనీలు రూపాయి పంపే బదులు, మిమ్మల్నే ఒక రూపాయి యూపీఐలో కట్టమంటాయి. ఏ ఖాతా నుంచి వచ్చిందో చూసుకుని తిరిగి వేసేస్తాయి. ఇది కూడా సక్రమమైన పద్ధతే. అప్పుడు మాత్రం పిన్ కొట్టాలి, ఎందుకంటే డబ్బు కడుతున్నది మీరు. మొత్తం సరిగ్గా ఒక్క రూపాయేనా, కంపెనీ పేరే ఉందా అని పిన్ కొట్టకముందు చూడండి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. “పైసలు పంపుతున్నాం, పిన్ కొట్టి తీసుకోండి” అంటే ఫోన్ పెట్టేయండి.

అసలు వెరిఫికేషన్ మీరు లాగిన్ అయిన డ్యాష్‌బోర్డులోనే జరుగుతుంది. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు (ప్లేస్టోర్‌లో కాకుండా నేరుగా పంపే యాప్) ఇన్‌స్టాల్ చేయమన్నా, స్క్రీన్ షేర్ చేయమన్నా, ఈ రాత్రికే ఖాతా బ్లాక్ అవుతుందని తొందరపెట్టినా అది దొంగ ఫోనే. ఒకవేళ డబ్బు పోతే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఖాతాలు మారకముందే ఆపగలిగితేనే వెనక్కి వచ్చే ఆశ ఉంటుంది.

ఆధార్ అడిగితే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలునేమో చూడండి. క్యాన్సిల్ చేసిన చెక్కు అడిగితే అడ్డంగా రెండు గీతలు గీసి మధ్యలో ‘క్యాన్సిల్డ్’ అని రాయండి, సంతకం పెట్టకండి. చెక్కు మీద మీ పేరు ముద్రించి లేకపోతే దాంతో ఉపయోగం లేదు. పాస్‌బుక్కు మొదటి పేజీయో, బ్యాంకు ముద్ర వేసిన స్టేట్‌మెంటో ఇవ్వండి.

ఇప్పుడు మీ కేసు. ఆధార్, పాన్ రెండూ ఇప్పటికే ఒకే పేరుతో ఉన్నాయి కాబట్టి మార్చాల్సింది బ్యాంకులో పేరే. పాన్‌ను వెనక్కి పుట్టింటి పేరుకు మార్చమని కొందరు సలహా ఇస్తారు, వినకండి. పన్ను లెక్కలూ, గేట్‌వే అంతా పాన్ చుట్టూనే తిరుగుతాయి. రేపు జీఎస్‌టీ తీసుకున్నా అంతే. బ్యాంకుకు ఆధార్, పాన్, పాస్‌బుక్కు, ఫొటోలతో పాటు పెళ్లి సర్టిఫికెట్ తీసుకెళ్లండి. పెళ్లి తర్వాత పేరు మారినవాళ్ల విషయంలో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన వివాహ ధ్రువపత్రాన్ని గానీ గెజిట్ ప్రకటనను గానీ ఆధారంగా తీసుకోవాలని రిజర్వు బ్యాంకు కేవైసీ ఆదేశాల్లోనే ఉంది. కౌంటర్‌లో ఎవరైనా “పేరు మార్చడం కుదరదు, కొత్త ఖాతా తెరవండి” అంటే ఈ మాట మర్యాదగా గుర్తుచేయండి. పెళ్లి రిజిస్టర్ చేయించుకోకపోతే ముందు సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ పని చూసుకోండి. ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు అవసరం పడేదే. బ్యాంకుకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, ముద్ర వేయించుకున్న కాపీ దగ్గర పెట్టుకోండి. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లే హక్కు మీకుంది. దానికి ఫీజు లేదు.

మీది గ్రామీణ బ్యాంకు ఖాతా అన్నారు కాబట్టి ఇంకో విషయం తప్పకుండా చూసుకోండి. వరంగల్ ప్రధాన కార్యాలయంగా నడిచిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ బ్రాంచీలన్నీ 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. మీ పాస్‌బుక్కు అంతకుముందుదైతే అందులోని ఐఎఫ్‌ఎస్‌సీని నమ్ముకోవద్దు. బ్రాంచీలో అడిగి ఇప్పటి కోడ్ రాయించుకోండి. ఐఎఫ్‌ఎస్‌సీలో మొత్తం పదకొండు గుర్తులుంటాయి. ఐదోది ఎప్పుడూ సున్నానే, ఓ అనే అక్షరం కాదు. అక్కడ తప్పు కొట్టేవాళ్లు చాలామంది. ఇదే తిప్పలు 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసినప్పుడూ, 2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిసినప్పుడూ చూశాం. పాత చెక్కుబుక్కులు బీరువాలో దాచుకున్నవాళ్లు ఇప్పటికీ వాటి ఫొటోలే పంపుతుంటారు.

బ్రాంచీకి వెళ్లినప్పుడే మీ ఖాతా ‘స్మాల్ అకౌంట్’గా ఉందేమో అడగండి. పూర్తి పత్రాలు లేకుండా తెరిచిన ఖాతాలివి. వీటిలో నిల్వ 50 వేలు దాటకూడదు, ఏడాదిలో మొత్తం జమలు లక్ష దాటకూడదు. పెళ్లిళ్ల సీజన్‌లో నాలుగు పెద్ద ఆర్డర్లు వస్తే చాలు ఆ హద్దు దాటేస్తారు. పూర్తి కేవైసీ ఇస్తే మామూలు సేవింగ్స్ ఖాతా అవుతుంది. అమ్మకాలు నిలకడగా ఉంటే చిన్న వ్యాపారాల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకోండి, అది పూర్తిగా ఉచితం, ఏజెంట్లకు పైసలు ఇవ్వొద్దు. దాంతో పాటు వ్యాపారానికి సంబంధించిన ఇంకో రుజువు ఉంటే షాపు పేరుతో కరెంట్ ఖాతా తెరవొచ్చు. ఇంటి డబ్బు, దరీల డబ్బు వేరుగా కనబడుతుంది.

ఈలోగా గేట్‌వేకు ఒక టికెట్ (ఫిర్యాదు) పెట్టండి. “పాన్‌లో ఈ పేరు, బ్యాంకులో ఈ పేరు, పెళ్లి తర్వాత ఇంటిపేరు మారింది, సర్టిఫికెట్ జతచేశాను, బ్యాంకులో మార్పుకు దరఖాస్తు ఇచ్చాను” అని రాస్తే చాలు. కొన్ని కంపెనీలు ఆ సర్టిఫికెట్‌తోనే మనిషి చేత చూపించి పాస్ చేస్తాయి. అదే వివరాలతో మళ్లీ మళ్లీ ప్రయత్నించకండి. చాలాచోట్ల కొన్నిసార్లు ఫెయిలైతే సిస్టమ్ లాక్ చేస్తుంది, అప్పుడు ఇంకా ఆలస్యం.

బ్యాంకులో పేరు మారిందని చెప్పాక, నెట్ బ్యాంకింగ్ ఉన్న ఇంట్లోవాళ్లనో, తెలిసినవాళ్లనో ఒక సాయం అడగండి. వాళ్ల బ్యాంకు యాప్‌లో నెఫ్ట్‌కు బెనిఫిషియరీగా (డబ్బు అందుకునేవారిగా) మీ ఖాతా నంబరు, కొత్త ఐఎఫ్‌ఎస్‌సీ కొట్టి పేరు చూడమనండి. నేను పైన చెప్పిన సదుపాయం ఇదే. అక్కడ ఇంకా పాత పేరే వస్తుంటే బ్రాంచీలో మార్పు పూర్తికాలేదని అర్థం, మేనేజర్‌ను కలవండి. పాన్‌లో ఉన్న పేరు వస్తే స్క్రీన్‌షాట్ తీసుకుని అప్పుడు గేట్‌వేలో మళ్లీ వెరిఫై నొక్కండి. ఇంకో రూపాయి జమవుతుంది. ఆగిపోయిన సెటిల్‌మెంట్లు తర్వాతి విడతల్లో వచ్చేస్తాయి. రాకపోతే ఆ స్క్రీన్‌షాట్ పాత టికెట్‌కే జతచేయండి, కొత్తది తెరవకండి.